నాలుగు పెన్సిలు సెల్లులు

పింఛను తీసుకునే మనిషిని సలహా అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. సిఫార్సు అడిగేవాళ్లు మాత్రం కొందరు మిగులుతారు. వాళ్లు సాధారణంగా మనవలు.

2025 వేసవిలో మా మనవడు నాని హైదరాబాదు నుంచి కాకినాడ వచ్చాడు. వచ్చిన మూడోరోజున నా పడక్కుర్చీ పక్కన చేరి, "తాతయ్యా, నువ్వు చెబితే నాన్న వింటాడు" అన్నాడు.

ఆ మాట చెవికి ఇంపుగానే ఉన్నది గాని, అందులో నిజమెంతో నాకు తెలుసు. మా అబ్బాయి నా మాట ఎన్నడూ కాదనలేదు. అవుననీ అనలేదు. ముప్పై ఏళ్లుగా మా తండ్రీకొడుకుల సంభాషణ "భోజనం అయిందా", "రైలు ఎన్నింటికి", "బి.పి. మాత్రలు వేసుకుంటున్నారా" అనే మూడు స్టేషన్ల మధ్యనే నడుస్తున్నది. నాలుగో స్టేషను ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు.

సంగతేమిటంటే, నాని దగ్గర చేతిలో పట్టుకుని ఆడే ఆటల యంత్రం ఒకటి ఉన్నది. ఏడంగుళాల తెర, అటూ ఇటూ మీటలు. కంప్యూటరు మీద ఆడే పెద్ద పెద్ద ఆటలన్నీ అందులోనే ఆడతాడు. దానికి ఒక పంకా కూడా ఉన్నది. మొదటిరోజు రాత్రి ఆ చప్పుడు విని మా ఆవిడ, "మిక్సీ కట్టేయడం మరిచిపోయానేమో" అని వంటింట్లోకి వెళ్లి చూసివచ్చింది.

ఇప్పుడు వాడికి ఇంకా కొత్త యంత్రం కావాలి. వాళ్ల నాన్న వద్దన్నాడు. నేను సిఫార్సు చెయ్యాలి. వీలయితే పింఛనులో కొంత కలపాలి కూడా.

"దీని చిప్పు పదిహేను వాట్లు తాతయ్యా. కొత్తదాని చిప్పు ముప్పై వాట్లు. అంటే పెర్ఫార్మెన్సు రెట్టింపు!" అన్నాడు.

నేను విద్యుత్తు శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. మీటర్లూ, లోడ్లూ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల మధ్యనే నా తల నెరిసింది. వాట్ల సంగతి నా ముందు తేవడం నానిగాడి మొదటి పొరపాటు.

"ఒరేయ్, వాట్లంటే చేసిన పని కాదురా, పెట్టిన ఖర్చు. మీ నాన్న జీతం రెట్టింపయితే సంతోషించాలి గాని, ఇంటి ఖర్చు రెట్టింపయిందని సంతోషిస్తారా?" అన్నాను.

వాడు తెల్లమొహం వేశాడు. వాడికి సైకిలు లెక్క చెప్పాను. ఎదురుగాలిలో సైకిలు మెల్లగా తొక్కితే ఆయాసం ఉండదు. అదే గాలిలో రెట్టింపు వేగంతో పోవాలంటే రెట్టింపు బలం చాలదు. ఎన్నో రెట్లు కావాలి. చిప్పుదీ దాదాపు అదే తంతు. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి. వోల్టేజి పెరిగితే ఖర్చు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. కనుక మొదటి పది వాట్లు చేసిపెట్టినంత పని తరువాతి పది వాట్లు చెయ్యవు. చివరి అయిదు వాట్లు పనికన్నా వేడే ఎక్కువ పుట్టిస్తాయి.

"సరే గాని, నీ యంత్రం ఒకసారి చార్జి చేస్తే ఎంతసేపు ఆడుతుంది?" అన్నాను.

"పెద్ద ఆటయితే గంటన్నర" అన్నాడు మెల్లగా.

ఇటువంటి యంత్రాల సంగతి తరువాత నేనూ కొంత చదివాను. ఊరికే మాట్లాడడం నాకు అలవాటు లేదు. వాల్వ్ కంపెనీ వారు 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే యంత్రాన్ని విడుదల చేశారు. దాని బ్యాటరీ 40 వాట్-గంటలు. మన ఇంటి మీటరు భాషలో చెప్పాలంటే ఒక యూనిట్‌లో ఇరవై అయిదో వంతు. చిప్పు 4 నుంచి 15 వాట్ల దాకా తింటుంది. తెరకూ, పంకాకూ, తక్కినవాటికీ వేరే. అన్నీ కలిసి ఇరవై వాట్లయితే సరిగ్గా రెండు గంటలు. పన్నెండుతో సరిపెడితే మూడు గంటల పైమాట. తయారుచేసినవాళ్లే ఆటనుబట్టి 2 నుంచి 8 గంటలని చెప్పుకున్నారు. ఉగాదినాడు పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చదువుతారు చూడండి, ప్రతి యంత్రానికీ అటువంటి జాతకం ఒకటి ఉంటుందన్నమాట. ఆదాయం నలభై దగ్గర ఆగిపోయింది. వ్యయం ఎంతో ఆడేవాడి ఇష్టం.

ఆ కంపెనీవారే 2023లో అదే యంత్రానికి మరో రకం తెచ్చారు. నాకు నచ్చినదేమిటంటే, చిప్పు వేగాన్ని ఎగదొయ్యడం మీద వాళ్లు దృష్టి పెట్టలేదు. దాని ఆకలి తగ్గించారు, తెర బాగుచేశారు, బ్యాటరీని 50 వాట్-గంటలకు పెంచారు. అప్పుడు చెప్పిన లెక్క 3 నుంచి 12 గంటలు. ఇంటి ఖర్చు తెలిసిన ఇల్లాలు చేసే పని అది.

ఇదంతా చెబుతూంటే నాకు మా ఇంట్లోనే ఉన్న మరొక యంత్రం గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చిందని మర్యాదకు అంటున్నాను. అసలు మరిచిపోతే గదా!

1991లో మా బావమరిది అమెరికా నుంచి వస్తూ, అప్పటికి పదకొండేళ్లవాడైన మా అబ్బాయికి ఒక గేమ్‌బాయ్ తెచ్చాడు. బూడిదరంగు డబ్బా, దానికి పచ్చటి చిన్న తెర, అందులో దూర్చడానికి టెట్రిస్ అనే ఒక్క ఆట. జపానులో నింటెండో వారు 1989 ఏప్రిల్‌లో దాన్ని బజారులోకి తెచ్చారు. దాని బలమెంతో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. తెరమీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, లేతా ముదురూ కలిపి నాలుగే ఛాయలు. తెర వెనుక దీపం లేదు. వెలుతురు మనమే చూసుకోవాలి. చిప్పుకు పని చేసుకునే జాగా 8 కిలోబైట్లు, బొమ్మలకు మరో 8. నాని యంత్రంలో 16 గిగాబైట్లున్నాయి. లెక్కవేసి చూస్తే ఆ రెండు గదులూ కలిపినదానికి పదిలక్షల రెట్లు!

అయితే ఆ యంత్రం మొత్తం ఒక్క వాటు కూడా తినదు. నాలుగు పెన్సిలు సెల్లులు వేస్తే, మంచిరకం సెల్లులయితే, సుమారు పదిహేను గంటలు ఆడుతుంది. మన బజారు సెల్లులతో అంత రాకపోయినా, రెండు మూడు రోజులు పిల్లవాడి నోట "సెల్లులు" అన్నమాట వినబడేది కాదు.

అదే రోజుల్లో ఎదురింటి పిల్లవాడికి సింగపూరు నుంచి రంగుల యంత్రం వచ్చింది. దీపం ఉన్న తెర, ఆరు సెల్లులు. మా వీధి పిల్లలందరూ మా అరుగు వదిలి ఆ అరుగెక్కారు. మూడు రోజులు మావాడు అన్నం సరిగా తినలేదు. నాలుగోరోజుకు ఎదురింటాయన సెల్లులు కొనడం మానేశాడు. పిల్లలు మళ్లీ మా అరుగు మీదికే వచ్చారు.

ఆ కథ మా వీధిలోనే కాదు, లోకమంతటా జరిగిందని తరువాత తెలిసింది. అటారీ వారి లింక్స్, సెగా వారి గేమ్ గేర్ రెండూ రంగుల యంత్రాలే. రెండింటికీ ఆరేసి సెల్లులు. రెండూ ఏ నాలుగైదు గంటలకో చల్లబడేవి. విశేషమేమంటే, గేమ్ గేర్ చిప్పు గడియారం క్షణానికి 35 లక్షల చిల్లర సార్లు కొట్టుకుంటే, గేమ్‌బాయ్‌ది దాదాపు 42 లక్షల సార్లు కొట్టుకునేది. ఖర్చంతా బుర్రకు కాదు. ముఖ్యంగా తెర వెనుక వెలిగే దీపానికి. చివరకు గేమ్ గేర్‌లు కోటి పైచిలుకు అమ్ముడుపోతే, గేమ్‌బాయ్‌లు, తరువాత వచ్చిన దాని రంగుల తమ్ముడితో కలిపి, పదకొండు కోట్ల ఎనభై లక్షలు దాటాయి.

దాన్ని తయారుచేయించిన పెద్దమనిషి గున్‌పే యొకోయి. 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన పని పేకముక్కలు తయారుచేసే మెషిన్లను బాగుచెయ్యడం. కాలిక్యులేటర్లలో బాగా నలిగిన తెరలనూ, చిప్పులనూ తీసుకుని 1980లో గేమ్ అండ్ వాచ్ అనే చిన్న ఆటలు చేశాడు. ఆయన సూత్రానికి మన మాటల్లో అర్థం చెప్పుకోవాలంటే, వాడి వాడి ఎండిపోయిన విద్యను కొత్తదారికి మళ్లించడం. కొత్త విద్యకు ధర ఎక్కువ, ఆకలి ఎక్కువ, జబ్బులెక్కువ. పాతదాని గుణమూ దోషమూ అందరికీ తెలుసు. 'ఎండిపోయిన' అనే మాట వినగానే, పింఛనుదారుణ్ణి కనుక, నాకు ఆయన మీద చాలా ఆప్యాయత కలిగింది. పాపం, 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

సరే, మా గేమ్‌బాయ్ సంగతికి వస్తాను. వాయిదా వేసినకొద్దీ చెప్పడం కష్టమవుతుంది.

1995లో మా అబ్బాయి పదో తరగతి. పరీక్షలకు మూడు నెలలున్నాయి. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో 71 వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు వసారాలో లాంతరు దగ్గర కూర్చుని ఆడుకుంటున్నాడు. ఆ వేళ కరెంటు లేదు. అవతల పుస్తకం మూసి ఉన్నది. నేనొక్క మాట కూడా అనలేదు. చేతిలోంచి యంత్రం తీసుకుని, స్విచ్చి కట్టేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు లేచి నిలబడి ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానేశాడు. పుస్తకం తెరిచాడు. ఆ తరువాత ఆ వస్తువు ప్రస్తావన తెచ్చినవాడు కాడు. పరీక్షల్లో లెక్కల్లో 96 వచ్చింది. నేను గెలిచాననుకున్నాను. మూడు స్టేషన్ల రైలు నడవడం ఆ సంవత్సరం నుంచే మొదలయింది.

"ఆ గేమ్‌బాయ్ ఇప్పుడెక్కడుంది తాతయ్యా?" అన్నాడు నాని.

బీరువాలోనే ఉన్నది, పాత కరెంటు బిల్లుల కింద. వెనుక మూత తియ్యగానే నా గుండె జారింది. ముప్పై ఏళ్లనాటి సెల్లులు లోపలే ఉండిపోయి, కారి, రేకులను తినేసి, తెల్లగా పచ్చగా బూజు కట్టి ఉన్నాయి. సెల్లులు తీసి దాచాలన్న సంగతి, విద్యుత్తు శాఖ ఉద్యోగికి, ఆ వేళ కోపంలో తోచలేదు. మా ఆవిణ్ణి అడిగి వంటసోడా తెచ్చి నీళ్లలో కలిపాను. ఆ కాలపు మామూలు సెల్లుల నుంచి కారేది పులుపు జాతి. సోడా దాన్ని చంపుతుంది. దూదితో అద్ది, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, గరుకు కాగితంతో రేకులు మెరిసేదాకా గీకాను. నాని కిరాణా దుకాణానికి పరుగెత్తి నాలుగు కొత్త సెల్లులు తెచ్చాడు.

స్విచ్చి వేశాను. ఎర్రదీపం వెలిగింది. పైనుంచి నింటెండో పేరు మెల్లగా దిగింది. టింగుమన్నది. చెబితే నవ్వుతారు గాని, నా కళ్లు చెమర్చాయి.

శనివారం పొద్దున్న మా అబ్బాయీ, కోడలూ గౌతమిలో దిగారు. కాఫీ తాగుతూ వాడు బల్లమీద ఆ వస్తువు చూశాడు. గ్లాసు పక్కన పెట్టి దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పాడు. నా వంక చూడలేదు. వాడు చేస్తున్న ఉద్యోగం చిప్పుల కంపెనీలో. చిప్పుల చేత తక్కువ కరెంటుతో పని చేయించడమే వాడి పని. అది కూడా నాకు ఆ వేళే సరిగా అర్థమయింది.

నాని వెంటనే తన కేసు విచారణకు పెట్టాడు. "నాన్నా, ఇంత చిన్న చిప్పుతో అన్ని గంటలు ఎలా వచ్చేవి?"

వాడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పసాగాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. గేమ్‌బాయ్ తెర క్షణానికి సుమారు అరవైసార్లు బొమ్మ మారుస్తుందట. బొమ్మకూ బొమ్మకూ మధ్య చిప్పు గడియారం డెబ్బైవేల సార్లు కొట్టుకుంటుంది. తెలివైన ప్రోగ్రామరు రాసిన ఆటయితే అందులో కొంతసేపట్లోనే పని పూర్తవుతుంది. మిగిలిన సమయం ఏం చెయ్యాలి? దానికి ఆ చిప్పులో 'హాల్ట్' అని ఒక ఆజ్ఞ ఉన్నది. ఆ ఆజ్ఞ ఇస్తే చిప్పు కన్నుమూసి పడుకుంటుంది. తెర తలుపు తడితే లేస్తుంది. క్షణానికి అరవైసార్లు లేవడం, పని చేసుకోవడం, పడుకోవడం.

"పడుకున్నంతసేపూ సెల్లులు మిగులుతాయి. దాన్ని ఖాళీగా ఉందనుకోకూడదు. విశ్రాంతి కూడా ఆ పనిలో భాగమేరా" అన్నాడు.

పేపరు వెనుక నేను కదలలేదు. 1995లో ఆ వసారాలో వాడు ఆ మాటే చెప్పబోయాడేమో ననిపించింది.

తరువాత నాని యంత్రం తీసుకుని ఏవో మీటలు నొక్కి చూపాడు. క్షణానికి 60 బొమ్మలంటే ఒక్కొక్క బొమ్మకు పదహారున్నర మిల్లీసెకండ్ల చిల్లర. 30 అంటే ముప్పైమూడు చిల్లర. రెండింటికీ సరిగ్గా నడిమధ్యన ఉన్నది ఇరవై అయిదు. అంటే క్షణానికి 45 కాదు, 40 బొమ్మలు. ఆ నలభై దగ్గర కట్టడి పెడితే కంటికి నున్నగానే ఉంటుంది, చిప్పుకు మధ్యమధ్య ఊపిరి దొరుకుతుంది. చిప్పును ఎనిమిది వాట్లకు కుదించి, నలభైకి కట్టి ఇచ్చాడు. పంకా చప్పుడు తగ్గింది. ఆ రోజు నాని అదే ఆట మూడు గంటల సేపు ఆడాడు. కొత్త యంత్రం మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చే వేసవికి ఎత్తుతాడేమో చెప్పలేను.

మధ్యాహ్నం భోజనాలయిన తరువాత వసారాలో మేమిద్దరమే మిగిలాం. నేను ధైర్యం చేశాను.

"అప్పుడు... నేను కట్టేసిన రోజున... ఏదో చెప్పబోయావు. ఏమిట్రా?"

వాడు కాసేపు ఊరుకున్నాడు. "టెట్రిస్‌లో లక్ష దాటితే ఆఖరున చిన్న రాకెట్టు ఎగురుతుంది నాన్నగారూ. రెండు లక్షలు దాటితే పెద్ద రాకెట్టు. ఆ రోజు ఒక లక్షా తొంభైమూడువేల మీద ఉన్నాను. ఆ ఆటలో స్కోరు దాచుకునే ఏర్పాటు లేదు. స్విచ్చి కట్టేస్తే పోతుంది. ఒక్క అయిదు నిమిషాలు ఆగమని చెబుదామనుకున్నా."

ముప్పై ఏళ్ల తరువాత కూడా ఆ అంకె వాడి నాలుక చివరనే ఉన్నది. లెక్కల్లో వచ్చిన 96 వాడికి గుర్తున్నదో లేదో నేనడగలేదు. అంకెలంటే అంత పట్టింపు ఉన్న నేను, వాడి అంకె ఏమిటో చూడకుండానే చెరిపేశాను.

"చెప్పి ఉంటే ఆగేవాణ్ణి కాదురా. అదే నా తప్పు" అన్నాను.

వాడు నవ్వాడు. "లెండి, ఇప్పుడు నాలుగు సెల్లులున్నాయిగా" అని ఆట మొదలుపెట్టాడు. వేళ్లు తుప్పుపట్టాయి కాబోలు, నలభైవేలకే ఆట ముగిసింది. నాని లాక్కున్నాడు. వాడికి ఇరవై రెండు వేలు. అన్ని గిగాబైట్ల యంత్రం పక్కన పడేసి, ఆ పచ్చ తెర కోసం తండ్రీకొడుకులు వంతులు వేసుకుని కొట్టుకున్నారు.

సాయంత్రం మా కోడలు నా దగ్గరకు వచ్చింది. "మామయ్యగారూ, ఈ ఏడు వీడికి టెన్త్. ఆ మెషిను మీ బీరువాలో పెట్టి తాళం వేసెయ్యకూడదూ? మీ మాటయితే వింటాడు" అన్నది.

తాళంచెవుల గుత్తి నా జేబులోనే ఉన్నది. నేను తియ్యలేదు. "ఆట ఎంతసేపో, చదువు ఎంతసేపో వాడితోనే కూర్చుని లెక్కవేయించమ్మా. కట్టడి పెట్టండి, కట్టెయ్యకండి" అన్నాను.

రాత్రి వంటింట్లోంచి మా ఆవిడ, "వడ్డించాను, చల్లారిపోతున్నది, రండి!" అని కేకవేసింది. వసారాలో మా అబ్బాయి తలెత్తకుండా, "లక్షా పదివేలు నాన్నగారూ" అన్నాడు.

"అయిదు నిమిషాలు ఆగవే" అన్నాను నేను.

పెద్ద రాకెట్టు ఆ రాత్రి ఎగరలేదు. సెల్లులు మాత్రం అయిపోలేదు.